పుండుపై పూసే మందులు: పరీక్షలు తేల్చినది ఏమిటి? మనం చేయవలసినది ఏమిటి?

వేరుశనగ పీకే రోజులు వచ్చాయంటే మా బడిలో పిల్లల కాళ్లూ చేతులూ గాయాలతో కనిపిస్తాయి. కొడవలి కోతలు, పార దెబ్బలు, అన్నిటినీ మించి జాలిముల్లు. ఆంధ్ర వైపు బంధువులు దానినే సర్కారు తుమ్మ అంటారు. కొన్నేళ్ల క్రితం ఏడవ తరగతి విద్యార్థి ఒకడు అరికాలిలో ముల్లు దిగి కుంటుతూ వచ్చాడు. ఇంట్లో మొదట కాఫీపొడి అద్దారు. తరువాత సున్నమూ పసుపూ కలిపి పట్టు వేశారు. నాలుగవ రోజున ఒక దుకాణంలో అడిగి తెల్లని క్రీము ట్యూబు కొన్నారు. ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది, అందరమూ సంతోషించాము. పది రోజులు తిరిగేసరికి పాదమంతా వాచి పిల్లవాడు జ్వరంతో మంచం పట్టాడు. ఆసుపత్రిలో కోసి చూస్తే ముల్లు ముక్క లోపలనే ఉంది. ఆ క్రీములో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉన్నదని అప్పుడు తెలిసింది. పిల్లవాడు కోలుకున్నాడు గాని ఆ ఏడు అర్ధ సంవత్సర పరీక్షలు వ్రాయలేకపోయాడు.

ఆ ట్యూబు చేతిలోకి తీసుకొని చూసి, "బాగానే పని చేస్తోంది, ఇదే పూయండి" అని చెప్పినవారిలో నేనూ ఒకడిని. నేను వైద్యుడిని కాను, ఉపాధ్యాయుడిని. అయినా ఒక మందు "పని చేస్తోంది" అని ఎవరు, ఎలా తేల్చాలి అనే ప్రశ్న అప్పటినుండి నన్ను వదలలేదు. పుండ్లపై పూసే యాంటీబయాటిక్ మందులను ప్రపంచంలో ఎలా పరీక్షించారు, ఆ పరీక్షలలో ఏమి తేలింది, పావగడ తాలూకా పల్లెలలో ఉండే మనకు అందులో పనికివచ్చేది ఏమిటి అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాను.

గాయం వేరు, నంజెక్కిన గాయం వేరు

చర్మం తెగిన ప్రతి చోటా సూక్ష్మజీవులు చేరుతాయి. వాటి ఉనికి మాత్రమే రోగం కాదు. మన శరీరం వాటిని అదుపులో ఉంచినంత కాలం గాయం తనంతట తాను మానుతుంది. అవి కణజాలంలోకి చొరబడి పెరిగినప్పుడే దానిని నంజు లేక ఇన్ఫెక్షన్ అంటారు. చుట్టూ ఎరుపు వ్యాపించడం, వేడి, వాపు, రోజురోజుకూ పెరిగే నొప్పి, చీము, దుర్వాసన, జ్వరం దీని లక్షణాలు. గాయం చుట్టూ మొదటి ఒకటి రెండు రోజులు కనిపించే కొద్దిపాటి ఎరుపు మానుదలలో భాగమే. అది తగ్గకుండా పెరుగుతూ ఉంటే జాగ్రత్త పడాలి.

ఈ తేడా తెలియనందువలననే మానే గాయానికి మందు ఎక్కువగానూ, మానని గాయానికి చికిత్స ఆలస్యంగానూ జరుగుతున్నది.

గాజు గొట్టంతో మొదటి పాఠం

పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పేరు మన పాఠ్యపుస్తకాలలో ఉంది. పెన్సిలిన్‌కు ముందే ఆయన పుండ్ల గురించి గొప్ప పరీక్ష ఒకటి చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో సైనికుల గాయాలలో ఘాటైన క్రిమినాశక ద్రవాలు పోసేవారు. అయినా చీము ఆగేది కాదు. ఫ్లెమింగ్ ఒక గాజు గొట్టాన్ని వేడిచేసి, దాని గోడలను ముళ్లలాగా బయటికి సాగదీసి, మూలలూ సందులూ ఉన్న కృత్రిమ గాయాన్ని తయారుచేశాడు. అందులో సూక్ష్మజీవులున్న ద్రవం నింపి పారబోసి, క్రిమినాశకం పోసి ఉంచి, దానినీ తీసివేసి, మళ్లీ శుభ్రమైన ద్రవం నింపి చూశాడు. సందులలో దాగినవి బ్రతికే ఉన్నాయి, తిరిగి పెరిగాయి. క్రిమినాశకం లోతుకు చేరలేదు. పైగా సూక్ష్మజీవులను తినే మన తెల్ల రక్తకణాలనే అది ముందుగా చంపుతున్నదని ఆయన చూపించాడు. 1919లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

మన ఇంటి వైద్యానికి కూడా ఈ పాఠం వర్తిస్తుంది. లోతైన ముల్లు గాయం పైన ఏది పూసినా పైనే ఉండిపోతుంది. మా విద్యార్థి పాదంలో జరిగినది అదే.

జేబులో పొడి, చేతిలో లెక్క

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు గాయంపై చల్లుకోవడానికి సల్ఫా పొడి పొట్లాలు ఇచ్చారు. అందరూ దానిని నమ్మారు. ఫ్రాంక్ మెలెనీ అనే శస్త్రవైద్యుని నాయకత్వంలో అనేక ఆసుపత్రులలో లెక్క కట్టి చూడగా, గాయంలో పొడి చల్లినందువలన ఇన్ఫెక్షన్లు తగ్గినట్లు కనిపించలేదు. గాయాన్ని బాగా కడిగి, చచ్చిన కండను తొలగించడమే ముఖ్యమని తేలింది. లక్షల జేబులలో ఉన్నంత మాత్రాన ఒక పొడి మందు కాజాలదు.

అదే మెలెనీ బృందం 1943లో మరొక వింత చూసింది. న్యూయార్కులో కాలి ఎముక విరిగి చర్మం చీలిన ఒక బాలిక గాయం నుండి తీసిన నమూనాలో ఒక సూక్ష్మజీవి మిగిలిన వాటిని పెరగనీయకుండా చేస్తున్నది. దాని నుండి తీసినదే బాసిట్రాసిన్. ఈ సంగతిని బాల్బినా జాన్సన్, మెలెనీ తదితరులు 1945లో ప్రకటించారు. ఈనాటికీ కొన్ని లేపనాలలో ఈ మందు ఉన్నది. పుండుకు మందు పుండులోనే దొరికిందన్నమాట.

ఈ కథలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన ప్రోత్సాహంతో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ వందలాది మట్టి నమూనాలను పరీక్షించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు ఒక పొలం మట్టిలో దొరికిన జీవి నుండి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948లో దానిని ప్రకటించారు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. ఆరియోమైసిన్ మాత్రలుగానే కాక చర్మంపై పూసే లేపనంగా, కంటి లేపనంగా కూడా దేశదేశాలలో వాడుకలోకి వచ్చింది.

మనుషులపై పరీక్ష అంటే ఏమిటి?

"మా వాడికి పూశాము, తగ్గింది" అనడం సాక్ష్యం కాదు. చాలా గాయాలు ఏమీ పూయకపోయినా మానుతాయి. అందువలన రోగులను రెండు వర్గాలుగా విభజిస్తారు. ఎవరు ఏ వర్గంలో చేరాలన్నది వైద్యుడు ఎంచడు, చీటీ వేసినట్లు నిర్ణయిస్తారు. ఒక వర్గానికి మందున్న లేపనం, మరొక వర్గానికి మందు లేని ఉత్త లేపనం ఇస్తారు. ఏది ఎవరికి ఇచ్చారో రోగికీ, గాయాన్ని చూసే వైద్యునికీ తెలియకుండా జాగ్రత్త పడతారు. చివర రెండు లెక్కలను పోలుస్తారు. పొలంలో సగానికి ఎరువు వేసి సగానికి వేయక దిగుబడి చూసే రైతుకు ఈ పద్ధతి కొత్త కాదు.

ఇటువంటి మూడు పరీక్షలను మాత్రం ఇక్కడ చెబుతాను.

మొదటిది 1995లో ప్రచురితమైంది. అమెరికాలో ఒక సైనిక ఆసుపత్రి అత్యవసర విభాగానికి కోతలు, చీలికలతో వచ్చిన 426 మందిపై జరిగింది. ఉత్త లేపనం పూసినవారిలో 17.6 శాతం మందికి నంజెక్కింది. సిల్వర్ సల్ఫాడయజిన్ పూసినవారిలో 12.1 శాతం, బాసిట్రాసిన్ పూసినవారిలో 5.5 శాతం, మూడు మందులు కలిసిన లేపనం పూసినవారిలో 4.5 శాతం. అంటే ప్రమాదవశాత్తు తెగిన గాయాలకు కొన్ని లేపనాలు మేలు చేశాయి.

రెండవది 1996లో వచ్చింది. ఆసుపత్రిలో శుభ్రంగా చేసిన చిన్న చర్మ శస్త్రచికిత్సల తరువాత 922 మందిలో కొందరికి తెల్ల వాసెలిన్, కొందరికి బాసిట్రాసిన్ పూశారు. నంజెక్కినవారు వాసెలిన్ వర్గంలో 2 శాతం, బాసిట్రాసిన్ వర్గంలో 0.9 శాతం. ఈ తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చునని లెక్కలు చెప్పాయి. పైగా మందు పూసినవారిలో నలుగురికి చర్మం దద్దురెక్కింది, వాసెలిన్ పూసినవారిలో ఎవరికీ అలా కాలేదు. అంటే శుభ్రమైన గాయానికి యాంటీబయాటిక్ అనవసరం.

రెండు పరీక్షలూ ఒకదానికొకటి విరుద్ధం కావు. గాయాలు వేరు, కనుక జవాబులు వేరు. "ఈ ట్యూబు మంచిదేనా?" అన్న ప్రశ్నకు "ఏ గాయానికి?" అన్న ఎదురు ప్రశ్న లేకుండా జవాబు లేదు.

మూడవది చక్కెర వ్యాధిగ్రస్తుల పాదాల పుండ్లకు సంబంధించినది. ఆఫ్రికా కప్ప చర్మంలో సూక్ష్మజీవులను చంపే పదార్థం ఉన్నదని 1987లో మైకేల్ జాస్లాఫ్ కనుగొన్నాడు. దానిని అనుసరించి పెక్సిగనాన్ అనే క్రీము తయారుచేశారు. 835 మంది రోగులలో ఈ క్రీమునూ, ఓఫ్లాక్సాసిన్ మాత్రలనూ పోల్చితే రెండింటి ఫలితమూ ఇంచుమించు ఒకటిగానే కనిపించింది. ఎంతో ఆశ కలిగింది. అయినా 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు. తరువాత ఆ క్రీమును మందులేని ఉత్త క్రీముతో పోల్చి కొత్త పరీక్షలు జరిపారు. అందరికీ గాయం శుభ్రపరచడం, కట్టు కట్టడం సక్రమంగా చేశారు. 2016లో ఫలితం వచ్చింది. మందున్న క్రీముకూ మందులేని క్రీముకూ తేడా కనిపించలేదు. దేనితో పోల్చుతున్నామన్నది ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

తేనె, పసుపు, నిమ్మ ఉప్పు

మన పొరుగు రాష్ట్రమైన మహారాష్ట్రలోని షోలాపూరులో డాక్టర్ ఎం. సుబ్రహ్మణ్యం కాలిన గాయాలపై తేనెను పరీక్షించి 1991లో ప్రచురించారు. 104 మంది రోగులలో సగం మందికి తేనెలో తడిపిన గుడ్డ, సగం మందికి సిల్వర్ సల్ఫాడయజిన్ వాడారు. ఏడు రోజులలో తేనె వర్గంలో 91 శాతం గాయాలు సూక్ష్మజీవులు లేకుండా శుభ్రపడ్డాయి. రెండవ వర్గంలో 7 శాతమే. తరువాత ఇటువంటి పరీక్షలన్నిటినీ కలిపి పరిశీలించినవారు పైపై కాలిన గాయాలు తేనెతో కొన్ని రోజులు ముందుగా మానుతున్నాయని అంగీకరించారు గాని, మిగిలిన పుండ్ల విషయంలో ఆధారాలు చాలవన్నారు. అదే రాష్ట్రంలోని లాతూరు వైద్య కళాశాలలో డాక్టర్ నాగోబా బృందం, మందులకు లొంగని పుండ్లకు 3 శాతం సిట్రిక్ ఆమ్లం వాడి మంచి ఫలితాలు ప్రకటించింది. మనం నిమ్మ ఉప్పు అనేది ఆ ఆమ్లమే.

దీనిని చదివి ఎవరూ వంటింటి డబ్బా తెరవవద్దు. గాయాలకు వాడే తేనెను ప్రత్యేక కిరణాలతో శుద్ధి చేస్తారు. తుట్టె తేనెలో కంటికి కనిపించని క్రిమి బీజాలు ఉండవచ్చు, సంత తేనెలో బెల్లపు పాకం ఉండవచ్చు. ఆమ్లం మోతాదు కొంచెం మించినా కండను కాల్చుతుంది.

పసుపు సంగతి కూడా చెప్పుకోవాలి. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. ఇది మా తరతరాల జ్ఞానమని మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో దానిని రద్దు చేయించింది. అది గర్వకారణమే. అయితే పేటెంటు వాదనలో గెలవడం వేరు, రోగులపై పరీక్షలో గెలవడం వేరు. పసుపులోని కర్కుమిన్‌కు ప్రయోగశాలలో కొన్ని సుగుణాలు కనిపించాయి. సంతలో కొన్న పసుపులో రంగులూ మట్టీ కలిసి ఉండవచ్చు. తెరిచిన గాయంలో దానిని కూరవద్దు. కాఫీపొడి, సున్నం, బూడిద, పేడ, కిరోసిన్ సంగతి చెప్పనవసరం లేదు. పేడలోనూ మట్టిలోనూ ధనుర్వాతపు బీజాలు ఉంటాయి.

మందు కాదు, బరువు

పావగడలోని శ్రీ రామకృష్ణ సేవాశ్రమం కుష్టు వ్యాధిగ్రస్తుల సేవకు ఈ ప్రాంతమంతటా పేరు పొందినది. ఆ వ్యాధి సోకినవారి పాదాలలో ఏళ్ల తరబడి మానని పుండ్లను మన పెద్దలు చూసే ఉంటారు. వ్యాధి వలన కండ కుళ్లిపోతున్నదని ఒకప్పుడు వైద్యులు కూడా అనుకునేవారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ నమ్మకాన్ని మార్చాడు. స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు, కనుక రోగి అదే గాయంపై బరువు మోపి నడుస్తూనే ఉంటాడు. పిండికట్టు వేసి బరువు తప్పిస్తే ఆ పుండ్లే మానాయి.

చక్కెర వ్యాధిలో స్పర్శ తగ్గిన పాదానికీ ఇదే సూత్రం. బరువు తప్పించకుండా, లోపలి ముల్లు తీయకుండా, రక్తంలో చక్కెరను అదుపు చేయకుండా ఎన్ని ట్యూబులు పూసినా ఫలితం ఉండదు.

చీము పరీక్ష ఎలా చేస్తారు?

పుండు మానకపోతే వైద్యులు "కల్చర్" వ్రాస్తారు. దూది పుల్లతో నమూనా తీసి, పోషక పదార్థం ఉన్న పళ్లెంపై పూసి పెంచుతారు. పెరిగిన సూక్ష్మజీవిపై వేర్వేరు మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు ఉంచి, సుమారు 35 డిగ్రీల వేడిలో 16 నుండి 18 గంటలు ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఆ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి లొంగుతుందా లేదా అని నిర్ణయిస్తారు. బాయర్, కిర్బీ తదితరులు 1966లో స్థిరపరచిన పద్ధతి ఇది. మొత్తం ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మూడు సంగతులు గుర్తుంచుకోండి. నమూనాను గాయం కడిగిన తరువాత లోపలి కండ నుండి తీయాలి. పైన నిలిచిన చీములో దారిన పోయే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా ఇవ్వడం మేలు. ఇక ఈ కొలతలు ముఖ్యంగా నోటి ద్వారా, సూది ద్వారా ఇచ్చే మందుల కోసం నిర్ణయించినవి. పూసే మందుకు వాటిని నేరుగా అన్వయించడం కుదరదు, వైద్యుడే అర్థం చెప్పాలి.

దుకాణంలో కనిపించే ట్యూబులు

ముపిరోసిన్: స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవులపై పనిచేస్తుంది. పిల్లల ముఖంపై తేనెరంగు పెచ్చులు కట్టే చీముపొక్కులకు వైద్యులు తరచుగా వ్రాసేది ఇదే. సాధారణంగా 10 రోజులకు మించి వాడరు. పచ్చని చీము కలిగించే సూడోమోనాస్‌పై పనిచేయదు.

ఫ్యూసిడిక్ ఆమ్లం: ఇది కూడా ప్రధానంగా స్టెఫైలోకాకస్‌కే. ఎక్కువ కాలం వాడితే సూక్ష్మజీవి త్వరగా మొండికెత్తుతుంది.

ఫ్రామైసెటిన్, నియోమైసిన్: ఇవి రెండూ ఒకే కుటుంబం. ఒకటి పడనివారికి రెండవది కూడా పడదు. పూసిన చోట దురద, దద్దురు పెరిగితే పుండు ముదిరిందని మరింత పూయవద్దు, ఆపివేయండి. విశాలమైన పచ్చి గాయాలపై పూస్తే రక్తంలో చేరి చెవికీ మూత్రపిండాలకూ హాని చేయవచ్చు.

సిల్వర్ సల్ఫాడయజిన్: 1968 నుండి కాలిన గాయాలకు పేరు పొందింది. పైపై కాలిన గాయాల మానుదలను ఇది ఆలస్యం చేయవచ్చునని తరువాతి సమీక్షలు తెలిపాయి. సల్ఫా పడనివారికి, నెలలు నిండిన గర్భిణులకు, నవజాత శిశువులకు వాడరాదు.

పోవిడోన్ అయోడిన్: ఇది యాంటీబయాటిక్ కాదు, క్రిమినాశకం. థైరాయిడ్ వ్యాధి ఉన్నవారు, శిశువుల తల్లులు వైద్యుని అడిగి వాడాలి.

స్టెరాయిడ్ కలిసిన క్రీములు: బెటామెథసోన్, క్లోబెటసోల్, బెక్లోమెథసోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. ఎరుపునూ నొప్పినీ అణచి నంజును దాచిపెడుతుంది, శరీర రక్షణను తగ్గిస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదనే జాబితాలో చేర్చింది. అదే ఏడు సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ట్యూబుపై అక్షరాలు సన్నగా ఉంటాయి. ఇంట్లో హైస్కూలు చదివే పిల్ల ఉంటే ఆమె చేత చదివించండి.

అవసరం లేని చోట పూసిన ప్రతి యాంటీబయాటిక్ సూక్ష్మజీవులకు పాఠం నేర్పుతుంది. 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఫ్లెమింగ్ ఈ హెచ్చరిక చేశాడు. మందుల అట్టపై నిలువు ఎర్ర గీత ఉంటే వైద్యుడు చెప్పనిదే వాడకూడదని మన ప్రభుత్వం 2016 నుండి ప్రచారం చేస్తున్నది.

ఇంట్లో చేయవలసిన క్రమం

1. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి రక్తం ఆపండి.

2. గాయాన్ని ధారగా పడే శుభ్రమైన నీటితో కొన్ని నిమిషాలు కడగండి. త్రాగదగిన నీరు చాలు. నీటిపై అనుమానం ఉంటే కాచి చల్లార్చండి. మన తాలూకా బోరు నీటిలోని ఫ్లోరైడు త్రాగడానికి చెడ్డది గాని గాయం కడగడానికి అడ్డు కాదు.

3. మట్టి, ముల్లు, గాజు కనిపిస్తే తీయండి. లోతుగా ఉంటే కెలకవద్దు, ఆసుపత్రిలో తీయించండి.

4. చిన్న శుభ్రమైన గాయానికి పలుచగా వాసెలిన్ రాసి శుభ్రమైన కట్టు కట్టండి. మట్టిలో తెగిన గాయానికి యాంటీబయాటిక్ లేపనం కావాలేమో ఆరోగ్య కేంద్రంలో అడగండి.

5. కట్టు తడిసినా మాసినా మార్చండి. రోజుకొకసారి గాయాన్ని వెలుతురులో చూడండి.

6. ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆరోగ్య కేంద్రంలో అడగండి. మట్టి గాయమైతే గత టీకాకు 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు.

7. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టవద్దు.

ఆలస్యం చేయరాని సందర్భాలు

ఎరుపు గంటగంటకూ పాకుతున్నప్పుడు, గాయం నుండి పైకి ఎర్ర గీత సాగినప్పుడు, జ్వరమూ వణుకూ వచ్చినప్పుడు, చర్మం నల్లబడినప్పుడు, గాయం చిన్నదిగా ఉండి నొప్పి భరించరానిదిగా ఉన్నప్పుడు, దవడ బిగుసుకున్నప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చక్కెర వ్యాధి ఉన్నవారి పాదంలో ఏ పుండునైనా, నొప్పి లేకపోయినా, చూపించుకోవాలి. రెండు వారాలలో మానే సూచన లేని ఏ గాయమైనా పైపూత మందుతో సరిపెట్టదగినది కాదు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదు.

మూడు వైపులా ఆంధ్ర సరిహద్దు ఉన్న తాలూకా మనది. ఒక రోగి పావగడలో చూపించుకొని, హిందూపురంలో బంధువుల మాటపై మరొక వైద్యుని కలిసి, చివరకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని తుమకూరుకో బెంగళూరుకో చేరుతాడు. ప్రతి చోటా కొత్త ట్యూబు. పాత చీటీలూ, వాడిన ట్యూబులూ, కల్చర్ కాగితమూ ఒక సంచిలో వేసి వెంట తీసుకువెళ్లండి. ఏది వాడారో తెలిస్తేనే వైద్యుడు తరువాతి అడుగు వేయగలడు.

కన్నడంలో చెప్పవలసిన మాటలు

ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని పెద్దవారికి ఈ మాటలు ఉపయోగపడతాయి. పుండు: హుణ్ణు. చీము: కీవు. వాపు: ఊత. ముల్లు: ముళ్ళు. తిమ్మిరి: జోము. కట్టు: పట్టి. నంజు, ఇన్ఫెక్షన్: సోంకు. చక్కెర జబ్బు: సక్కరె కాయిలె. మలాము: ములాము. ఈ మందు నాకు పడదు: ఈ ఔషధి ననగె ఒగ్గువుదిల్ల. చివరి వాక్యం తప్పక నేర్పండి.

పరీక్షలో చేరమని అడిగితే

పెద్ద ఆసుపత్రులలో కొత్త మందు పరీక్షలో చేరమని ఎవరైనా అడగవచ్చు. భయపడనవసరం లేదు, గుడ్డిగా సంతకం చేయనూ వద్దు. మన దేశంలో 2019 నాటి కొత్త ఔషధాలు, వైద్య పరీక్షల నియమాల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో వివరించి, వ్రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. కాగితం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉండి మీకు అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని అడిగే హక్కు మీకున్నది. చేరనని చెప్పవచ్చు, మధ్యలో మానుకోవచ్చు, అందువలన మామూలు వైద్యం ఆగరాదు. పరీక్ష కారణంగా హాని జరిగితే చికిత్స, పరిహారం ఇవ్వాలి. ఇటువంటి పరీక్షలను నమోదు చేసే జాతీయ పట్టిక 2007 నుండి ఉన్నది. మన పరీక్ష అందులో నమోదైందా అని అడగండి.

ఈ వ్యాసంలో ఎన్నో లెక్కలు వచ్చాయి. వాటి వెనుక తమ గాయాన్ని చూపి, చీటీలో ఏ వర్గం వచ్చినా సరేనన్న సామాన్యులు ఉన్నారు. వారి వలన మనకు దక్కిన సారాంశం నాలుగు మాటలు: ముందు నీరు, తరువాత లోపలిది తీయడం, తరువాత బరువు తప్పించడం, ఆ పైన అవసరమైతేనే మందు. ఈ క్రమాన్ని నేను ఇప్పుడు ఏడవ తరగతి నల్లబల్లపై ప్రతి ఏడూ వేరుశనగ పీకే రోజులకు ముందు వ్రాస్తున్నాను. మీరు మీ ఇంటి తలుపు వెనుక వ్రాసుకోండి.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. చికిత్సకు వైద్యుని సంప్రదించవలసినదిగా పాఠకులకు మనవి.